టిప్పు సర్వర్‌ది, పన్ను ఓనర్‌ది... మరి నష్టం ఎవరిది?

2025 జులై 4న అమెరికాలో కొత్త పన్ను చట్టం మీద ట్రంప్ సంతకం పెట్టిన దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మాట తిరుగుతోంది. "అమెరికాలో టిప్పు మీద ట్యాక్స్ ఎత్తేశారట, మన కెనడాలో ఎప్పుడు?" విండ్సర్‌లో ఉన్నవాళ్ళకి ఈ మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. నది దాటితే డెట్రాయిట్. ఫార్మింగ్టన్ హిల్స్‌లోనో కాంటన్‌లోనో మన బిర్యానీ హోటల్లో పనిచేసే అమ్మాయి, ఇక్కడ వయాండాట్ స్ట్రీట్ మీద అదే పని చేసే అమ్మాయి ఒకే ఊరి వాళ్ళయినా అయి ఉండొచ్చు. ఒకరికి పన్ను లేదట, ఇంకొకరికి ఉందట అంటే కడుపు మండదా మరి?

మండే ముందు చట్టంలో నిజంగా ఏముందో చూద్దాం. టిప్పు ఆదాయంలో ఏడాదికి 25,000 డాలర్ల వరకు ఫెడరల్ ఆదాయపు పన్ను లెక్కలోంచి మినహాయించుకోవచ్చు. ఇది 2025 నుంచి 2028 వరకే. ఆదాయం 150,000 డాలర్లు దాటితే, దంపతులు కలిపి ఫైల్ చేస్తే 300,000 దాటితే, మినహాయింపు తగ్గుతూ పోతుంది. సోషల్ సెక్యూరిటీకి, మెడికేర్‌కి కోసేది మాత్రం టిప్పు మీద యథావిధిగా కోస్తారు. అంటే "ట్యాక్స్ లేదు" అన్న మాట సగమే నిజం.

నేను ఈ రోజు రాయాలనుకున్నది ఆ సగం గురించి కాదు. అదే చట్టంలో ఇంకో చిన్న మార్పు ఉంది. దాని గురించి మన గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. టిప్పు మీద రెస్టారెంట్ ఓనర్ కట్టే పన్నుకి అమెరికా ప్రభుత్వం ముప్పై ఏళ్ళుగా వెసులుబాటు ఇస్తోంది. ఈ చట్టం ఆ వెసులుబాటుని బ్యూటీ పార్లర్లకి, హెయిర్ సెలూన్లకి, స్పాలకి కూడా పెంచింది. "ఓనర్లకి వెసులుబాటు అయితే మనకేంటి?" అనుకోకండి. ఓనర్ లెక్క ఎలా ఉందో దాన్ని బట్టే సర్వర్‌గా పనిచేసే అమ్మాయి ప్రసూతి సెలవు డబ్బు ఉంటుంది. ఆ ముడి ఎక్కడుందో విప్పి చూపించడమే నా పని.

నేను ఉద్యోగం చేయడం లేదు. బీఎస్సీ చదివాను, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను, ఇంటి లెక్కలూ ట్యాక్స్ కాగితాలూ నేనే చూసుకుంటాను. మా చుట్టుపక్కల సెయింట్ క్లెయిర్ కాలేజీలో, విండ్సర్ యూనివర్సిటీలో చదువుకుంటూ సాయంత్రాలు రెస్టారెంట్లలో పనిచేసే మన పిల్లలున్నారు. భర్తకి ఉద్యోగం, తనకి ఓపెన్ వర్క్ పర్మిట్, అందుకని వారానికి నాలుగు రోజులు సర్వర్‌గా వెళ్ళే ఆడవాళ్ళున్నారు. ఏప్రిల్ వచ్చిందంటే వీళ్ళల్లో కొందరు పే స్టబ్‌లు పట్టుకుని మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటారు. అందుకే ఈ విషయం నాకు పుస్తకాల్లోది కాదు.

అమెరికాలో ఓనర్‌కి ఇచ్చే వెసులుబాటు

అమెరికాలో జీతం మీద సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం, మొత్తం 7.65 శాతం ఉద్యోగి కడతారు. అంతే మొత్తం యజమాని కూడా కడతాడు. టిప్పు విషయంలో మొదట్లో యజమాని మీద ఇంత బరువు లేదు. కనీస వేతనం లెక్కలోకి తీసుకున్న టిప్పు మీద మాత్రమే తన వాటా కట్టేవాడు. 1987లో చట్టం మార్చి, 1988 నుంచి సర్వర్ చెప్పిన మొత్తం టిప్పు మీద యజమాని కూడా కట్టాలన్నారు.

సహజంగానే రెస్టారెంట్ల వాళ్ళు గోల పెట్టారు. కస్టమర్ ఇచ్చాడు, సర్వర్ తీసుకుంది, మధ్యలో మేమెందుకు కట్టాలి అని. వాళ్ళ బాధ ఏంటంటే, సర్వర్ ఎంత నిజాయితీగా టిప్పు చెబితే ఓనర్ ఖర్చు అంత పెరుగుతుంది. ఇక ఏ ఓనర్ "టిప్పు మొత్తం చెప్పండి" అని తన స్టాఫ్‌ని అడుగుతాడు?

1993లో దీనికో మందు కనిపెట్టారు. పన్ను కోడ్‌లో 45బి సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం, ఓనర్ టిప్పు మీద కట్టిన 7.65 శాతాన్ని తన ఆదాయపు పన్నులోంచి నేరుగా తగ్గించుకోవచ్చు. ఖర్చుగా రాసుకోవడం వేరు, పన్నులోంచి నేరుగా తీసేయడం వేరు. వెయ్యి డాలర్లు ఖర్చుగా రాసుకుంటే మీ పన్ను రేటుని బట్టి నూటపాతికో రెండొందలో మిగులుతుంది. పన్నులోంచి తీసేస్తే వెయ్యికి వెయ్యీ మిగులుతుంది. అయితే రెండూ ఇవ్వరు. క్రెడిట్ తీసుకున్న మొత్తాన్ని మళ్ళీ ఖర్చుగా చూపకూడదు. లాభం లేక పన్నే పడకపోతే ఆ ఏడాది చేతికేమీ రాదు, ముందు సంవత్సరాలకి మోసుకెళ్ళాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. జీతాన్ని కనీస వేతనం దాకా తీసుకురావడానికి వాడిన టిప్పుకి క్రెడిట్ లేదు, దానిపైన వచ్చిన టిప్పుకే. ఆ కనీస వేతనం కూడా ఇప్పటిది కాదు. 2007లో దాన్ని గంటకు 5.15 డాలర్ల దగ్గర బిగించేశారు. ఫెడరల్ కనీస వేతనం 2009లో 7.25 అయినా, ఈ లెక్కకి మాత్రం ఇప్పటికీ 5.15 డాలర్లే.

మన ఎదురుగా ఉన్న మిషిగన్‌నే తీసుకోండి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం అక్కడ టిప్పులు తీసుకునేవాళ్ళకి ఓనర్ ఇవ్వాల్సిన కనీస జీతం గంటకు 4.74 డాలర్లు. అంటే ప్రతి గంటకీ 41 సెంట్ల టిప్పు 5.15ని చేరుకోవడానికే పోయేది. 2026 జనవరి నుంచి ఆ జీతం 5.49 అయింది. ఇప్పుడు టిప్పు మొత్తానికీ ఓనర్ క్రెడిట్ తీసుకోవచ్చు. రాష్ట్రం జీతం పెంచితే, ఫెడరల్ వెసులుబాటు కూడా ఆ మేరకు పెరిగిందన్నమాట.

ఇవతలి ఒడ్డున ఏముంది?

కెనడాలో ఫెడరల్ స్థాయిలో ఇలాంటి క్రెడిట్ లేదు. ఒంటారియోలోనూ లేదు. టిప్పు మీద ఓనర్ తన వాటా కట్టాలా వద్దా అన్నది ఆ టిప్పు ఏ దారిలో సర్వర్‌కి చేరిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

కెనడా రెవెన్యూ ఏజెన్సీ టిప్పుల్ని రెండు రకాలుగా విడదీస్తుంది. కస్టమర్ నేరుగా సర్వర్‌కి ఇచ్చింది, ఓనర్ చెయ్యి పడనిది ఒకటి. దీన్ని డైరెక్ట్ టిప్పు అంటారు. సర్వర్లు తమలో తాము మాట్లాడుకుని పంచుకున్నా ఇది డైరెక్టే. ఓనర్ వసూలు చేసి, ఎలా పంచాలో తనే నిర్ణయించి ఇచ్చేది రెండోది. దీన్ని కంట్రోల్డ్ టిప్పు అంటారు. పుట్టినరోజు పార్టీలకి పెద్ద గుంపుగా వెళ్తే బిల్లులోనే 18 శాతం సర్వీస్ చార్జీ వేసేస్తారు చూడండి, అదీ ఈ కోవలోకే వస్తుంది.

రెండింటి మీదా సర్వర్ ఆదాయపు పన్ను కట్టాల్సిందే. టీ4లో రాని టిప్పుని రిటర్న్‌లో 10400 లైనులో తనే చూపించాలి. తేడా అంతా సీపీపీ, ఈఐ దగ్గర వస్తుంది. కంట్రోల్డ్ టిప్పు జీతంతో సమానం. దాని మీద సర్వరూ కట్టాలి, ఓనరూ కట్టాలి. డైరెక్ట్ టిప్పు మీద ఓనర్ పైసా కట్టక్కర్లేదు.

నగదు రోజుల్లో ఈ విభజన తేలికగానే ఉండేది. టేబుల్ మీద పెట్టిన పది డాలర్ల నోటు నేరుగా ఏప్రన్ జేబులోకి వెళ్ళేది. ఇప్పుడు టిప్పులో ఎక్కువ భాగం కార్డు మెషీన్‌లో వస్తుంది. మెషీన్ డబ్బు ముందు రెస్టారెంట్ ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి సర్వర్‌కి వెళ్తుంది. మరి ఇది ఓనర్ "చెల్లించినట్టా", కస్టమర్ ఇచ్చినట్టా?

ఈ ప్రశ్న హాలిఫాక్స్‌లోని రిస్టొరాంటె ఆ మానో అనే ఇటాలియన్ రెస్టారెంట్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు దాకా వెళ్ళింది. షిఫ్టు అయ్యాక లెక్క చూసి, సర్వర్‌కి రావాల్సిన కార్డు టిప్పుని రెస్టారెంట్ వాళ్ళ బ్యాంకు ఖాతాలో వేసేది. మేము మధ్యలో డబ్బు చేరవేశామంతే, అది మా డబ్బు కాదు అన్నది యాజమాన్యం వాదన. 2022లో కోర్టు ఒప్పుకోలేదు. చేరవేసినా అది చెల్లించినట్టే అంది, 1986లో కెనడియన్ పసిఫిక్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారిలోనే నడిచింది. కాబట్టి అలా ఓనర్ ఖాతా మీదుగా వెళ్ళిన కార్డు టిప్పు మీద సీపీపీ, ఈఐ రెండు వైపులా కట్టాల్సిందే అని తేలింది.

ఒక చిన్న లెక్క

ఒంటారియోలో 2025 అక్టోబర్ 1 నుంచి కనీస వేతనం గంటకు 17.60 డాలర్లు. ఒక అమ్మాయి వారానికి 30 గంటలు పనిచేస్తుందనుకుందాం. వారం జీతం 528 డాలర్లు. కార్డు మీద వచ్చే టిప్పు వారానికి 250 అనుకుందాం. ఏడాదిలో 50 వారాలు పనిచేస్తే టిప్పు మొత్తం 12,500 డాలర్లు.

ఓనర్ వైపు చూస్తే, 2025 రేట్ల ప్రకారం సీపీపీ 5.95 శాతం, అంటే 743.75 డాలర్లు. ఈఐ ఉద్యోగి రేటు 1.64 శాతం, యజమాని దానికి 1.4 రెట్లు కట్టాలి కాబట్టి 287 డాలర్లు. మొత్తం సుమారు 1,031 డాలర్లు. ఇలాంటి సర్వర్లు ఆరుగురుంటే ఏడాదికి ఆరు వేల పైన. ఇదంతా తన చేతిలో మిగలని డబ్బు మీద. ఖర్చుగా రాసుకుంటే చిన్న కంపెనీకి 2025లో ఉన్న 12.2 శాతం రేటు మీద వెయ్యికి నూటపాతిక డాలర్ల దాకా తిరిగి కలిసొస్తుంది. మిగతా తొమ్మిదొందలు జేబులోంచే. అదే మిషిగన్‌లో అయితే ఇదే 12,500 మీద ఓనర్ కట్టేది 956 డాలర్లు, లాభాల్లో ఉంటే అది మొత్తం పన్నులోంచి తగ్గించుకోవచ్చు.

సర్వర్ వైపు చూడండి. తన వాటా సీపీపీ 743.75, ఈఐ 205 డాలర్లు. చేతికి వచ్చేది తగ్గుతుంది కాబట్టి ఆమెకీ ఇష్టం ఉండదు. ఓనర్ అంటాడు, "అమ్మా, టిప్పు నగదుగా ఇచ్చేస్తాను, పేరోల్‌లో పెట్టను, నీకూ మంచిది నాకూ మంచిది." ఆమె సరేనంటుంది. ఇద్దరూ సంతోషంగానే ఉంటారు, ఆమె గర్భవతి అయ్యేదాకా.

నాకు తెలిసిన ఒకమ్మాయి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ రెస్టారెంట్ పేరు ఇక్కడ అనవసరం. రెండేళ్ళు పనిచేసింది. ఈఐ ప్రసూతి భృతికి కావాల్సిన 600 గంటలు ఎప్పుడో దాటాయి, అర్హతకి లోటు లేదు. కానీ భృతి లెక్కగట్టేది టీ4లో, పేరోల్‌లో ఉన్న ఆదాయం మీదే. 55 శాతం ఇస్తారు. పైన చెప్పిన లెక్కలోనే పెడితే 528లో 55 శాతం వారానికి 290 డాలర్లు. టిప్పు కూడా పేరోల్‌లో ఉండి ఉంటే 778లో 55 శాతం, అంటే 428 డాలర్లు. తేడా వారానికి 137.50. ప్రసూతికి 15 వారాలు, ఆ తర్వాత బిడ్డని చూసుకోవడానికి 35 వారాలు, మొత్తం 50 వారాలు తీసుకుంటే 6,875 డాలర్ల తేడా.

ఏడాదికి 205 డాలర్ల ఈఐ మిగిలిందని సంతోషించిన చోట 6,875 పోయాయి. "అక్కా, అద్దె కట్టి డైపర్లు కొంటే ఏమీ మిగలడం లేదు" అని ఆ అమ్మాయి నాతో అన్నప్పుడు నా దగ్గర సమాధానం లేదు. డైరెక్ట్ టిప్పు మీద ఈఐని మనంతట మనం కట్టుకునే వీలు కూడా లేదు. సీపీపీ అయితే సీపీటీ20 అనే ఫారం నింపి కట్టుకోవచ్చు గానీ, అప్పుడు ఓనర్ వాటా కూడా మనమే కట్టాలి.

నష్టం అక్కడితో ఆగదు. జబ్బు చేస్తే ఈఐ 26 వారాల దాకా ఇస్తుంది, అదీ అదే లెక్క. ఊర్నుంచి అమ్మానాన్నలకి సూపర్ వీసా పెట్టాలంటే కనీస ఆదాయం చూపాలి, దానికి రెవెన్యూ ఏజెన్సీ ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ అడుగుతారు. ఇల్లు కొనడానికి బ్యాంకుకి వెళ్తే అదే కాగితం. రిటర్న్‌లో చూపని టిప్పు ఎంత తెచ్చుకున్నా ఆ కాగితంలో కనబడదు.

క్యూబెక్ ఏం చేసింది?

ఇదంతా చదివి "అయితే ఏం చేయాలంటారు?" అని మీరు అడగొచ్చు. సమాధానం వెతకడానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు, మన పక్క ప్రావిన్స్ చాలు.

క్యూబెక్‌లో 1998 నుంచి టిప్పులకి ప్రత్యేక పద్ధతి ఉంది. సర్వర్ తన టిప్పుల్ని ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పింది అమ్మకాల్లో 8 శాతం కంటే తక్కువగా ఉంటే, ఆ తేడాని ఓనర్ కలిపి లెక్క వేయాలి. అలా టిప్పు మీద కూడా పెన్షన్, ఈఐ లాంటివన్నీ జీతంతో పాటే కట్టాలి. సర్వర్‌కి దాని ఫలితం ప్రసూతి సెలవులో కనిపిస్తుంది.

ఓనర్ మీద పడే బరువుని ప్రభుత్వం వదిలేయలేదు. టిప్పుల మీద ఓనర్ కట్టిన వాటాలో 75 శాతం పన్ను క్రెడిట్‌గా తిరిగి ఇస్తుంది. ఇది అమెరికా క్రెడిట్ లాంటిది కాదు. లాభం లేకపోయినా చేతికి వస్తుంది. నిరుడు నష్టాల్లో ఉన్న చిన్న హోటల్‌కి కూడా అందుతుంది. ఒక చేత్తో "చెప్పి తీరాలి" అని, రెండో చేత్తో "చెప్పినందుకు నీకు భారం పడనివ్వను" అని.

మన దేశంలో ఎలా ఉంది?

ఇది మనవాళ్ళకి కొత్త సమస్యేమీ కాదు. మన దేశంలో ఇదే ప్రశ్న రెండుసార్లు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. మైసూరులోని క్వాలిటీ ఇన్ సదరన్ స్టార్ హోటల్ కేసులో 2007లో కోర్టు, టిప్పు ఈఎస్ఐ చట్టం కింద వేతనం కాదంది. 2016లో ఐటీసీ కేసులో, కార్డు మీద వచ్చిన టిప్పుని హోటల్ తర్వాత సిబ్బందికి పంచినా అది జీతం కాదు, టీడీఎస్ కోయక్కర్లేదు అంది. ఆ డబ్బుకి హోటల్ ధర్మకర్త లాంటిది మాత్రమే అని కోర్టు అభిప్రాయం.

హాలిఫాక్స్ కేసులో ఓనర్లు వాదించి ఓడిపోయిన మాట అక్కడ గెలిచింది. ఓనర్‌కి అంతకంటే మంచి వెసులుబాటు ఏముంటుంది? కానీ దాని రెండో వైపు చూడండి. టిప్పు వేతనం కాదంటే ఈఎస్ఐ ప్రసూతి భృతి లెక్కలోకీ రాదు. బీఎస్సీలో మేం మొదట నేర్చుకున్న పాఠం, ఏదీ మాయమవదు, ఒక చోట తగ్గితే ఇంకో చోట తేలుతుంది అని. టిప్పు మీద ఓనర్‌కి మిగిలిన డబ్బు కూడా ఎక్కడో తేలాలి. ఇండియాలో అది కార్మికురాలి భృతిలో కోతగా తేలింది. క్యూబెక్‌లో ఖజానా మోసింది. ఒంటారియోలో ఓనరూ సర్వరూ కలిసి నగదులో దాచేస్తే, మళ్ళీ ఆ సర్వర్ దగ్గరే తేలింది.

విండ్సర్‌లో ఉంటూ డెట్రాయిట్ వైపు పనిచేసేవాళ్ళకి కూడా ఇదే సూత్రం. కెనడా నివాసి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపాలి, అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ ఇస్తారు. అక్కడ టిప్పు మీద పన్ను తగ్గితే ఇక్కడ ఇచ్చే క్రెడిట్ కూడా తగ్గుతుంది. కాబట్టి "టిప్పుకి ట్యాక్స్ లేదట" అని సంబరపడి ఆ డబ్బు ఖర్చు పెట్టేయకండి.

ఓనర్లకి ఎందుకివ్వాలి అనేవాళ్ళకి

అభ్యంతరాలు నాకూ తెలుసు. అమెరికా క్రెడిట్ మీద పెద్ద విమర్శ, అది తక్కువ జీతాలకి బహుమతిలా తయారైందని. ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పు తీసుకునేవాళ్ళకి ఓనర్ ఇవ్వాల్సిన జీతం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే. జీతం కస్టమర్ ఇవ్వాలి, ఓనర్ పన్ను ప్రభుత్వం ఇవ్వాలి అంటే ఎలా అన్నది న్యాయమైన ప్రశ్నే.

కానీ ఒంటారియోలో ఆ ప్రశ్న పుట్టదు. మద్యం అందించే సర్వర్లకి ఉన్న తక్కువ వేతనాన్ని 2022 జనవరి 1 నుంచి రద్దు చేశారు. ఇక్కడ ప్రతి సర్వర్‌కీ పూర్తి కనీస వేతనం ఓనరే ఇస్తాడు, టిప్పు అంతా దాని పైనే. కాబట్టి ఇక్కడ క్రెడిట్ ఇస్తే అది తక్కువ జీతానికి బహుమతి అవదు. నిజానికి టిప్పు మీద ఓనర్‌కి వెసులుబాటు ఇవ్వడానికి మిషిగన్ కంటే ఒంటారియోనే సరైన చోటు.

టిప్పులు కొట్టేసే ఓనర్లకి కూడా క్రెడిటా అంటారు కొందరు. ఇవ్వకూడదు. 2016 జూన్ 10 నుంచి ఒంటారియోలో యజమాని టిప్పుల్ని అట్టిపెట్టుకోకూడదు. స్టాఫ్‌తో సమానంగా అదే పని చేసే ఓనర్‌కి మాత్రమే వాటా ఉంటుంది. అలా వాటా తీసుకుంటే, 2024 జూన్ నుంచి ఆ విధానాన్ని అందరికీ కనబడేలా గోడకి అంటించాలి. ఈ నియమాలు పాటించినవాళ్ళకే క్రెడిట్ అని షరతు పెట్టొచ్చు. చిన్న హోటళ్ళకే అని పరిమితి పెట్టొచ్చు, అమ్మకాలు బోలెడున్న పెద్ద చెయిన్లకి అవసరం లేదు.

ఖజానాకి నష్టం అనేవాళ్ళకి ఇంకో లెక్క. పైన చెప్పిన 12,500 డాలర్లు ఇప్పటిదాకా ఎక్కడా చూపనివైతే, పేరోల్‌లోకి వచ్చినప్పుడు వాటి మీద ఫెడరల్, ఒంటారియో పన్నులు 2025 రేట్ల ప్రకారం కింది స్లాబ్‌లోనే దాదాపు 19.5 శాతం, అంటే 2,400 డాలర్ల పైన వస్తాయి. క్యూబెక్ తరహాలో ఓనర్‌కి 75 శాతం వెనక్కి ఇచ్చినా 773 డాలర్లే. సర్వర్ ముందే నిజాయితీగా రిటర్న్‌లో చూపిస్తూ ఉంటే ప్రభుత్వానికి ఈ లాభం రాదు, ఖర్చే మిగులుతుంది, అది నిజం. అయినా నిజం చెప్పిన మనిషికి ప్రసూతి భృతి పూర్తిగా అందడం ఖర్చు పెట్టదగ్గ విషయమే కదా.

అంతదాకా మనం చేయగలిగేది

చట్టం మారేదాకా కూర్చోలేం. సర్వర్‌గా పనిచేస్తున్న మన పిల్లలకి, ఆడపడుచులకి నేను చెప్పేది ఇది. ఉద్యోగంలో చేరేటప్పుడే కార్డు టిప్పు పే స్టబ్‌లో చూపిస్తారా, విడిగా ఇస్తారా అని అడగండి. జీతమెంత అని అడిగినంత మామూలుగా అడగండి. ఏ రోజు ఎంత టిప్పు వచ్చిందో ఫోన్‌లోనైనా రాసిపెట్టుకోండి. పేరోల్‌లో లేనిది రిటర్న్‌లో చూపించండి. పిల్లల కోసం అనుకుంటున్నవాళ్ళైతే పేరోల్‌లో టిప్పు ఉండే చోటు చూసుకోవడం మేలు. గంటకు ఒక డాలర్ తక్కువ అనిపించినా, పైన చెప్పిన లెక్క వేసుకుని చూడండి.

మన ఓనర్లకి కూడా ఒక మాట. కార్డు టిప్పు మీ ఖాతా మీదుగా వెళ్తుంటే 2022 తీర్పు మీకూ వర్తించే అవకాశం చాలా ఎక్కువ. ఆడిట్‌లో పడితే మీ వాటాతో పాటు సర్వర్ దగ్గర కోయని వాటా కూడా మీ నెత్తినే పడొచ్చు, పైన వడ్డీ, జరిమానా. ఒకసారి అకౌంటెంట్‌తో కూర్చోండి.

హౌస్ ఆఫ్ కామన్స్ ఫైనాన్స్ కమిటీ బడ్జెట్‌కి ముందు ప్రజల నుంచి సూచనలు తీసుకుంటుంది. అందులో మామూలు మనుషులు కూడా రాయొచ్చు. మన సంఘాలు ఉగాదికీ బతుకమ్మకీ హాళ్ళు నింపుతాయి, ఆ హాళ్ళలో వడ్డించేవాళ్ళ గురించి ఒక పేజీ కాగితం రాయలేమా? ఓనర్లు ఒక పక్క, సర్వర్లు ఒక పక్క విడివిడిగా అడిగితే ప్రభుత్వం ఇద్దర్నీ వినదు. ఈ విషయంలో ఇద్దరూ కోరుకోవాల్సింది ఒకటే కాబట్టి, కలిసి అడగడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదు.

ఎవరైనా ఆ కాగితం రాయడానికి ముందుకొస్తే లెక్కలు వేసి పెట్టడానికి నేను సిద్ధం.